ఆశ్లేష కార్తెలో పైన్ చిగుళ్లు కోశాను

2023 జనవరి 29

బెంగళూరు లాల్‌బాగ్‌లో రిపబ్లిక్ డే పూల ప్రదర్శన చూసి తిరుపతికి వస్తూ, ఊరి బయట ఒక నర్సరీ దగ్గర ఆగాం. అక్కడ కనిపించింది ఈ మొక్క. జపాన్ నల్ల పైన్, అందులోనూ పొట్టి రకం. ట్యాగ్ మీద ‘కొటొబుకి’ అని రాసి ఉంది. ఇంటికొచ్చి టేపు పెట్టి చూస్తే 28 సెంటీమీటర్లు. కాండం నా చిటికెన వేలంత లావు. దారి పొడవునా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను.

నాయన వాకిట్లోనే చూసి, "ఏంది పాపా, సవక మొక్కా?" అన్నాడు. మా వైపు సన్నాకు చెట్టు ఏది కనిపించినా ముందు సవకే (సరుగుడు) గుర్తొస్తుంది. ఒక సూది తుంచి ఆయన చేతిలో పెట్టాను. సవకది పట్టి లాగితే కణుపు కణుపుగా ఊడొస్తుంది, ఎందుకంటే అది ఆకు కాదు, సన్నటి రెమ్మ. పైన్‌ది నిజంగా ఆకే. రెండేసి సూదులు ఒకే ఒరలోంచి బయటికి వస్తాయి. ఆ రెంటినీ వేళ్లతో దగ్గరికి నొక్కితే మధ్యలో సందు కనిపించదు, రెండూ కలిసి ఒక గుండ్రటి పుల్ల అయిపోతాయి. నాయన నాలుగైదు సార్లు అట్లా నొక్కి చూసుకున్నాడు.

తర్వాత కళ్లద్దాలు సర్దుకుని కాండం మీద గోటితో తడుముతూ కిందికి పోయాడు. మట్టికి నాలుగు వేళ్ల ఎత్తులో వేలు ఆగింది. "అంటు మొక్క ఇది" అన్నాడు. దామలచెరువు దగ్గర మామిడి తోటలో నలభై ఏళ్లు అంట్లు కట్టిన చెయ్యి అది. పొట్టి రకాల గింజ నాటితే అదే పొట్టి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే మామూలు నల్ల పైన్ మొక్క మీద పొట్టి రకం రెమ్మని అంటు కడతారు. చూస్తే అతుకు కింద బెరడు గరుకుగా ఉంది, పైన నున్నగా ఉంది. ఆ అతుకు ఎప్పటికీ మట్టిలో పూడకూడదని ఈ డైరీలో మొదటి మాటగా రాసుకుంటున్నాను.

నాకు కావాల్సింది షోకేసులో పెట్టుకునే బోన్సాయ్ కాదు. పెరట్లో, నేల మీద, నడుము ఎత్తు దాటకుండా, గాలికి ఒక పక్కకి వాలినట్టుండే చెట్టు.

2023 ఫిబ్రవరి 12

కుండీ మార్చాను. తొట్టిలోంచి తీయగానే గుండె జారిపోయింది. పైన అంగుళం మందాన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), లోపల ముద్దలాంటి బంకమట్టి. కాండం చుట్టూ ఆ ముద్దని గట్టిగా అదిమేసి అమ్మేశారు. నీళ్లు పోస్తే పక్కల నుంచి జారిపోవడమే కానీ లోపలికి దిగే దారే లేదు.

పైన్ వేళ్లని ఒక్కసారిగా కడిగి శుభ్రం చెయ్యకూడదు. ఒక పక్క సగం మట్టి ఇప్పుడు తీసి, రెండో సగం ఏడాదో రెండేళ్లో ఆగి తీయాలి. చాప్‌స్టిక్ బదులు వెదురు పుల్ల ఒకటి చెక్కుకుని, కుడి పక్క బంకమట్టిని గింజంత గింజంతగా రాలగొట్టాను. మూడు గంటలు పట్టింది. లోపల వేళ్ల మధ్య తెల్లటి బూజు కనిపించింది. నాయన "కుళ్లు" అన్నాడు గానీ, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుట్టగొడుగు వాసన. అది పైన్ వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం. వేరు వెళ్లలేని సందుల్లోంచి కూడా నీరు, భాస్వరం తెచ్చి చెట్టుకిస్తుంది. చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. ఆ తెల్లటి ముద్ద గుప్పెడు తీసి కొత్త మిశ్రమంలో కలిపాను.

మిశ్రమానికి జపాన్ నుంచి అకడామా మట్టి తెప్పించుకునే స్థోమత లేదు, అవసరం కూడా లేదు. గ్రానైట్ చిప్స్ ఒక పాలు, పాత ఇటుక ముక్కలు రెండు పాళ్లు, స్వర్ణముఖి ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఎరువు గుప్పెడు. అన్నీ జల్లెడ పట్టి, 3 నుంచి 6 మిల్లీమీటర్ల రేణువులే ఉంచాను. ఇసుకలో కూడా గరుకుదే. దుమ్ము పూర్తిగా కడిగేయడం అన్నిటికన్నా ముఖ్యం. ఎంత మంచి మిశ్రమమైనా దుమ్ము అడుగున చేరితే మళ్లీ బంకమట్టే.

జపాన్‌లో పైన్ బోన్సాయ్‌లలో దాదాపు 80 శాతం తకమత్సు నగరంలోని కినాషి, కొకుబుంజి ప్రాంతాల నుంచే వస్తాయి. అక్కడి నేల నీరు నిలవని ఇసుక నేల. ఈ చెట్టు పుట్టుక కూడా సముద్రపు ఒడ్డునే. ఉప్పు గాలి, ఇసుక, రాయి దానికి అలవాటు. అది ఓర్చుకోలేనిది బురద.

2023 మే 16

గంగమ్మ జాతర రోజులు. ఎండ 42 దాటింది. మొక్క మేడ మీద ఉంది, ఎందుకంటే పైన్‌కి పూర్తి ఎండ కావాలని చదివాను. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకి వంటింటి థర్మామీటర్ కుండీ మట్టిలో గుచ్చి చూశాను. 46. అదే నల్ల ప్లాస్టిక్ కుండీ పక్కనున్న మట్టి కుండలో 37. ఆకు ఎండని తట్టుకుంటుంది, వేరు ఆ వేడిని తట్టుకోదు. సూదుల కొనలు అర అంగుళం మేర గోధుమ రంగుకి తిరిగాయి.

వెంటనే కిందికి దింపాను. కుండీని పెద్ద మట్టి కుండలో కూర్చోబెట్టి, మధ్య ఖాళీలో ఇసుక నింపి, చుట్టూ తడి గోనెసంచి చుట్టాను. పన్నెండు తర్వాత నీడ పడే చోటు చూసుకున్నాను. మరుసటి మధ్యాహ్నం 35.

2023 జూన్ 25

ఈ నెల మొదట్లో కొత్త సూదులు పసుపు పచ్చగా వచ్చాయి. పాతవి బాగానే ఉన్నాయి. కుండీ అంచున తెల్లటి సున్నం పొర. మా బోరు నీళ్లు కాచిన గిన్నెలో మిగిలే పొర లాంటిదే. పైన్‌కి కొంచెం పులుపు వైపున్న నేల ఇష్టం. సున్నం ఎక్కువైతే ఇనుము మట్టిలో ఉన్నా వేరుకి అందదు.

ఈ నెల మొత్తం ఏసీ నుంచి కారే నీళ్లు బక్కెట్లో పట్టి పోస్తున్నాను. అవి చాలని రోజు బోరు నీళ్లలో చిటికెడు నిమ్మ ఉప్పు వేసి, పులుపు కొలిచే పీహెచ్ పట్టీతో 6.5 దగ్గరికి తెచ్చుకుంటున్నాను. వాన పడితే మేడ మీద గొట్టం కింద డ్రమ్ము పెట్టేశాను. మూడు వారాలకి మళ్లీ ఆకుపచ్చ తిరిగింది.

2023 సెప్టెంబర్ 24

నేలలోకి మార్చాను. మేలో కుండీలో గుచ్చిన థర్మామీటరే ఈ నిర్ణయానికి కారణం. ఈ ఊళ్లో నాలుగు అంగుళాల కుండీ కన్నా భూమి చల్లన. కానీ మా పెరడు ఎర్ర బంకనేల, వానాకాలంలో రెండు రోజులు నీరు నిలుస్తుంది. అందుకే గుంట తవ్వకుండా, నేల మీదే అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దిబ్బ పోయించాం. అడుగున గులకరాళ్లు, పైన అదే ఇటుక ముక్కల మిశ్రమం. చుట్టూ రాళ్లు పేర్చాం. వేరు ముద్ద కదపకుండా కుండీలోంచి తీసింది తీసినట్టు కూర్చోబెట్టాను. అతుకు మట్టికి నాలుగు వేళ్ల పైనే ఉంది.

చోటు గురించి నాయనకీ నాకూ వాదన జరిగింది. తోతాపురి మామిడికి తూర్పు పక్కన పెడితే పొద్దున్నుంచి ఒంటిగంట దాకా ఎండ, తర్వాత నీడ. "మాను నీడలో ఇంకో మాను ఎదుగుతుందా పాపా?" అన్నాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి ఆ నీడే దిక్కని నేను. చివరికి మామిడి కొమ్మలు రెండు ఆయనే కోసి, పొద్దుటి ఎండకి దారి చేశాడు.

2023 డిసెంబర్ 6

మిచౌంగ్ తుపాను నిన్న బాపట్ల దగ్గర తీరం దాటింది. మూడు, నాలుగు తేదీల్లో ఇక్కడ కుండపోత. పెరడంతా చెరువు. కరివేపాకు మొక్క, మల్లె పొద మోకాలి లోతు నీళ్లలో. దిబ్బ మాత్రం దీవిలా పైకి తేలి ఉంది. రాత్రి టార్చి వేసుకుని వెళ్లి దిబ్బ పక్కన రాయి ఒకటి జరిపి చూశాను. లోపలి నీరు సన్నటి ధారగా బయటికి వచ్చేస్తోంది. ఆ ధార చూశాకే నిద్ర పట్టింది.

2024 ఫిబ్రవరి 18

మొగ్గలు కదిలాయి. ఇది రాయకుండా ఉండలేను.

నల్ల పైన్ మొగ్గ తెల్లగా ఉంటుంది. జపాన్ ఎర్ర పైన్ మొగ్గ ఎర్రగా ఉంటుంది, రెంటికీ తేడా చూడగానే పట్టేయొచ్చు. మా మొగ్గ జనవరిలో పత్తి వత్తిలా, వెండి నూలు చుట్టినట్టు ఉండేది. ఇప్పుడు అది పైకి సాగుతోంది. ఇట్లా సాగే చిగురుని బోన్సాయ్ వాళ్లు కొవ్వొత్తి అంటారు, నాకు మాత్రం దీపారాధనకి పువ్వొత్తి నిలబెట్టినట్టు కనిపిస్తుంది. ఆ వత్తి పొడవునా తెల్లటి కాగితం లాంటి పొరలు, ఒక్కో పొర సందులో నువ్వు గింజంత ఆకుపచ్చ చుక్క. అదే రేపటి సూదుల జంట. భూతద్దం పెట్టి లెక్కపెడితే ఒక్క వత్తిలో 40కి పైగా జంటలు.

శిఖరం మొగ్గ మొదట సాగింది, కింది కొమ్మలవి ఇంకా ముడుచుకునే ఉన్నాయి. ఈ చెట్టు చలికాలం గట్టిగా నిద్రపోయి లేవాల్సింది. మా ఊళ్లో డిసెంబర్ రాత్రి కూడా దుప్పటి ఒకటి చాలు. అందుకే కాబోలు ఒకేసారి లేవడం లేదు.

2024 మార్చి 10

మామిడి పూతకి తేనెమంచు పురుగు పట్టింది. ఆకుల మీద నుంచి జిగట కారి కింద పైన్ సూదుల మీద పడింది, దాని మీద నల్లటి మసి. మామిడి పక్కన పెట్టినప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. నాయనకి తట్టి ఉండాలి, కానీ అప్పటికి వాదన ముగిసిపోయింది. సాయంత్రం పూట సన్నటి ధారతో సూదులు కడిగాను. ఎర్రనల్లి కూడా ఉందేమోనని తెల్ల కాగితం కింద పెట్టి కొమ్మ తట్టాను. రాలిన చుక్కలు కదిలితే నల్లి, కదలకపోతే దుమ్ము. ఐదారు కదిలాయి. వారానికి ఒకసారి వేపనూనె, ఎండ తగ్గాక.

2024 ఏప్రిల్ 14

మొన్న బడి నుంచి వచ్చేసరికి ఎడమ పక్క కింది కొమ్మ లేదు. నాయన కోశాడు. మసి పట్టి కొన ఎండుతోందని, మొదట్లో బెత్తెడు వదిలి కత్తిరించేశాడు. "మామిడికి ఇట్లే చేస్తాం పాపా, ఉగాది దాటినాక కోస్తే వానలకల్లా గుత్తులుగా చిగురొస్తాది" అన్నాడు.

పైన్‌కి రాదు. సూదులు లేని ముదురు కట్టె నుంచి ఈ చెట్టు చిగురించదు. మామిడి, వేప, చింత మోడు చేసినా మొలుస్తాయి. పైన్ కొమ్మ బతకాలంటే కోత తర్వాత కూడా దాని మీద కొన్ని పచ్చటి సూదులు మిగలాలి. ఇది ఆయనకి ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఆ సాయంత్రం నేను అనకూడని మాటలు అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు.

2024 జూన్ 9

రెండు నెలలుగా నాయన రోజూ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఆ మోడు ముందు అరుగు రాయి మీద కూర్చుంటున్నాడు. కోసిన చోట జిగురు కారి తేనె రంగు ముత్యంలా గట్టిపడింది. దాన్ని గోటితో తాకుతాడు, వాసన చూస్తాడు. నిన్న మృగశిర కార్తె ప్రవేశించింది. ఇవాళ గ్లాసు కింద పెట్టి, "పోయింది పాపా" అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయనే, "ఈ అరుగు రాయి ఇక్కడుంది కాబట్టి బోడిగా కనిపిస్తోంది. బావి వైపు నుంచి చూడు" అన్నాడు. వెళ్లి చూశాను. అటు నుంచి చూస్తే కుడి కొమ్మ ముందుకి వచ్చి, కాండం కొంచెం వాలి, ఆ ఖాళీ వైపు గాలి తోసుకెళ్లినట్టే ఉంది. నేను మొదటి రోజు కోరుకున్న ఆకారం అది. నేలలో ఉన్న చెట్టుని తిప్పలేం. అరుగు రాయిని ఇద్దరం కలిసి బావి వైపుకి జరిపాం.

2024 అక్టోబర్ 20

ఈ ఏడాది ఇక ఏదీ కొయ్యకూడదని గోడ మీద రాసి పెట్టాను. చెట్టుని పొట్టిగా ఉంచాలని తొందరపడి నీరసంగా ఉన్నప్పుడే చిగుళ్లు గిల్లేవాళ్ల మొక్కలు రెండేళ్లలో పోవడం చూశాను. పొట్టిగా ఉండాలంటే ముందు దానికి బలం ఉండాలి. ఆ బలంలో కొంత సూదుల్లో దాచుకుంటుంది.

ఎరువుకి జపాన్ వాళ్లు ఆవనూనె తీసిన చెక్కకి దగ్గరిది వాడతారు. మనకి వేరుశనగ చెక్క ఉంది. ఉండలు చేసి దిబ్బ మీద పెడితే ఉడుతలు రెండు రోజుల్లో ఖాళీ చేశాయి. టీ వడగట్టే ప్లాస్టిక్ జల్లెళ్లు బోర్లించి, లోపల చెక్క ఉంచి, పుల్లలతో బిగించాను. వేపపిండి కొంచెం కలిపితే చీమలు కూడా తగ్గాయి.

కాండం ఇప్పుడు బొటనవేలు దాటింది. ఎత్తు 47 సెంటీమీటర్లు. సూదులు 6.5. పొట్టి రకానికి ఇది ఎక్కువే, నీరూ ఎరువూ ధారాళంగా అందడం వల్ల. ప్రస్తుతానికి పెరగనీ.

2025 జనవరి 19

సంక్రాంతి సెలవుల్లో తీగ కట్టాను. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒంటి పోగు రాగి తీగ, ప్లాస్టిక్ తొడుగు వలిచేసింది. రాగి అట్లాగే మొండిగా ఉంటుంది, కొమ్మకి చుడితే కొమ్మే విరుగుతుంది. భోగి రోజు మిగిలిన పిడకలు రాజేసి, తీగ చుట్టని నిప్పుల మీద పెట్టాను. చీకట్లో చూస్తే తీగ మందార మొగ్గ రంగుకి వచ్చింది. తీసి నీళ్లలో వేశాను. ఉక్కైతే నీళ్లలో ముంచితే గట్టిపడేది, రాగి మెత్తబడుతుంది. చేతిలోకి తీసుకుంటే గోరువెచ్చని మైనంలా వంగింది. కానీ ఒక్కసారే. వంచగానే గట్టిపడటం మొదలవుతుంది, కాబట్టి విప్పి మళ్లీ చుట్టే వీలు లేదు.

కొమ్మ లావులో మూడో వంతు మందం తీగ, 45 డిగ్రీల వాలుగా, సూదులు లోపల ఇరుక్కోకుండా. నాయన కొమ్మని కింద నుంచి బొటనవేళ్లతో ఆనించి పట్టుకుంటే నేను చుట్టాను. వంచేటప్పుడు కొమ్మ లోపల చిన్న శబ్దం వస్తే ఇద్దరం ఆగిపోయేవాళ్లం. నాలుగు కొమ్మలకి ఒక పూటంతా పట్టింది.

2025 ఆగస్టు 5

ఆశ్లేష కార్తె. ఇవాళ మొదటిసారి చిగుళ్లు కోశాను.

ఎందుకు కోస్తారంటే, నల్ల పైన్‌కి ఒక అపురూపమైన గుణం ఉంది. బలంగా ఉన్న చెట్టుకి ఆ ఏడాది వసంతంలో వచ్చిన చిగురంతా మొదలంటా కోసేస్తే, అదే ఏడాది రెండో విడత చిగురు వేస్తుంది. కాలం తక్కువ మిగిలి ఉంటుంది కాబట్టి ఆ చిగురు పొట్టిగా, సూదులు చిన్నవిగా వస్తాయి. ఒక చిగురు బదులు రెండో మూడో వస్తాయి. జపాన్‌లో ఈ పని జూన్, జూలైలో చేస్తారు. శరదృతువులో పెరుగుదల ఆగేలోపు ఇంచుమించు వంద రోజులు చేతిలో ఉండేలా చూసుకుంటారు.

ఆ తేదీలు ఇక్కడ పనికిరావు. మా ఊళ్లో చెట్టు నవంబర్ దాకా పెరుగుతూనే ఉంటుంది. జూన్‌లో కోస్తే రెండో విడత సూదులు కూడా సాగిపోతాయి, పైగా రోహిణి ఎండకి అలిసిన చెట్టు మీద కత్తెర పెట్టినట్టవుతుంది. నాయనని అడిగాను. "ఆశ్లేషలో చెయ్ పాపా. ఎండ విరిగుంటాది, సాయంత్రం చినుకు ఉంటాది" అన్నాడు. నవంబర్ మధ్య నుంచి వెనక్కి వంద రోజులు లెక్కపెట్టుకుంటే నాకూ అదే వారం వచ్చింది.

మూడు వారాల ముందే ఎరువు జల్లెళ్లు తీసేశాను. ఇవాళ బలహీనంగా ఉన్న కింది చిగుళ్లు ఐదు కోశాను. పాత సూదులు చుట్టూ అన్ని చోట్లా ఉన్నాయని రెండుసార్లు చూసుకుని కోశాను. బలమైనవి వారం ఆగి కోస్తే, వెనుక పడ్డవి ముందు మొదలుపెట్టి సమానంగా వస్తాయి.

2025 ఆగస్టు 13

మిగతా తొమ్మిదీ కోశాను. చెట్టు బోసిపోయింది. చేతులకి జిగురు, సబ్బుకి పోలేదు, కొబ్బరినూనె రుద్దితే పోయింది.

2025 సెప్టెంబర్ 7

కోసిన చోట్ల ఆవగింజంత తెల్లటి మొగ్గలు. పద్నాలుగింటిలో పన్నెండు చోట్ల కనిపించాయి. రెండు చోట్ల ఏమీ లేదు. అవి లోపలి నీడలోవి. వాటి కింద సూదులు పచ్చగానే ఉన్నాయి కాబట్టి వచ్చే ఫిబ్రవరి దాకా చూస్తాను.

2025 నవంబర్ 16

కొత్త సూదులు దాదాపు ఆగినట్టున్నాయి. స్కేలు పెట్టాను. 3.4, 3.6, 3.3 సెంటీమీటర్లు. వసంతంలో ఇవే కొమ్మల మీద 6.5. దగ్గర దగ్గరగా, బిగువుగా, ముదురాకుపచ్చగా ఉన్నాయి. శిఖరం దగ్గర ఒకే చోట నాలుగు చిగుళ్లు వచ్చాయి. రెండు ఉంచి రెండు తీసేయాలి, లేకపోతే ఆ చోట కణుపు లావెక్కి ముడిలా తయారవుతుంది. నిటారుగా పైకి పోయేదీ, కిందికి వేలాడేదీ తీసేసి, రెండు పక్కలకి పరుచుకునేవి ఉంచాలి.

నాయనకి ఈమధ్య చూపు తగ్గింది, వేళ్లు మాత్రం వణకవు. చిన్న కత్తెర ఆయన చేతికిచ్చాను. బావి వైపు అరుగు రాయి మీద కూర్చుని, చిగురు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకున్నాడు. పైకి నిలబడ్డదాని దగ్గర ఆగి, "దీని కింద సూదులున్నాయా పాపా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. కోశాడు.